లేమిలోని కలిమి
పలనాటి వాఙ్మయముపై ఒక విచారము

ఇటీవల మన దేశమున ఒక క్రొత్త బోధ ప్రబలినది. కోరినదానిని మనస్సున స్పష్టముగా భావించి, అది అప్పుడే లభించినట్లు సంతోషించుచుండినచో, లోకమే దానిని తెచ్చి మన యింట పెట్టునని ఈ బోధకులు చెప్పుదురు. ఉదయము లేచినది మొదలు చేతిలోని ఫోనునందు వినవచ్చు ఈ యుపన్యాసములకు ప్రమాణము కావలసివచ్చినప్పుడు వారు కుచేలోపాఖ్యానమును ఉదాహరింతురు. ఉపనిషత్తులలోని పూర్ణశబ్దమును ఉచ్చరింతురు. మరియొక వంక, పురాణమును కవిత్వమును పేదవానిని నిద్రపుచ్చు మందులని త్రోసిపుచ్చు విమర్శకులును కలరు. మొదటివారికి భావన ధనమును రాబట్టు ఉపాయము. రెండవవారికి అది ధనము లేమిని మరపించు మత్తు. పరస్పరము విరోధులుగా కానవచ్చు ఈ యిరుతెగలవారును ఒక విషయమున ఏకీభవించుచున్నారు. భావనవలన కలుగు ఆనందమునకు తనంతట ఒక విలువ కలదని ఇరువురును నమ్మరు.

ఈ వివాదమును తర్కముతో తీర్చుటకంటె, ఒక సీమను ఎన్నుకొని, అచట పుట్టిన రచనలను, దానిని గూర్చి పుట్టిన రచనలను ఎదురెదురుగా పెట్టి చదివి చూచుట మేలని నాకు తోచుచున్నది. అందులకు మాచర్ల, గురజాల, కారెంపూడి, వినుకొండలు గల పలనాడు మిక్కిలి తగినది. ఈ పేరుతో ప్రత్యేకముగా ఒక జిల్లా ఏర్పడినది 2022లో. లేమికి ఉదాహరణముగా మాత్రము తెలుగు సాహిత్యమున ఈ సీమ ఆరువందల యేండ్లనుండి స్థిరపడియున్నది. ఆ ఖ్యాతిని దానికి అంటగట్టినవాడు సామాన్యుడు కాడు.

కొండవీటి రెడ్డిరాజుల కొలువున విద్యాధికారియై, శృంగారనైషధమును రచించి, విజయనగరమున కనకాభిషేకము పొందెనని ప్రసిద్ధికెక్కిన శ్రీనాథుడు పలనాట సంచరించినప్పుడు చెప్పినవని కొన్ని చాటువులు వాడుకలో నున్నవి. వానియందు మనకు కానవచ్చునవి రాళ్లు, పాములు, తేళ్లు, జొన్నకూడు, సజ్జకూడు. సన్నబియ్యపుటన్నమునకు అలవాటుపడిన నాలుకకు జొన్నముద్ద కొరుకుడుపడలేదు. విషపు చనుబాలను, కార్చిచ్చును మ్రింగి అరిగించుకొన్న శ్రీకృష్ణునే ఆ ముద్దను దిగమ్రింగి చూపుమని కవి సవాలు చేసెను. ఇంకొకప్పుడు దాహమై, నీరు దొరకక, శివునితోనే తగవునకు దిగెను; బిచ్చమెత్తు దేవునికి ఇద్దరు భార్యలేలయని వాదించి, గంగను తనకొరకు విడిపింపజూచెను.

ఈ చాటువులను మనము నవ్వి విడిచిపెట్టుదుము. కాని మన ప్రస్తుత విషయమునకు ఇవి గొప్ప సాక్ష్యములు. గొంతు ఎండినవేళ ఈ మనుష్యుని నాలుకపై ముందుగా ఆడినది పురాణము. నీరు లేనిచోట నీటిని గూర్చిన కథ జ్ఞప్తికి వచ్చినది. కథతోపాటు పరిహాసము వచ్చినది. పరిహాసముతో కొంత బలము వచ్చినది. పద్యము చెప్పినందున గంగ దిగివచ్చెనని శ్రీనాథుడు ఎచ్చటను చెప్పుకొనలేదు. దాహము దాహముగానే యున్నది. అయినను దాహము గొన్న మనుష్యుడు దానికి లోబడలేదు. భావన చేయగల పనికి ఇంతకంటె నిజాయితీ గల నిదర్శనము నాకు తెలియదు. ఈనాటి బోధకుని చేతిలో ఇదే సన్నివేశము పడినచో, పద్యము ముగియులోపల ఇంటి ముంగిట కొళాయి వెలసి యుండెడిది.

ఆ మహాకవి అవసానదశయును ఇట్టిదే. రెడ్డిరాజ్యము అంతరించిన పిదప ఆయన కృష్ణాతీరమున పొలము గుత్తకు తీసికొనెననియు, వరద వచ్చి పైరు కొట్టుకొనిపోగా పన్ను చెల్లింపలేక శిక్షననుభవించెననియు చాటువులు చెప్పుచున్నవి. అట్టి స్థితిలో ప్రాణము పోవునప్పుడు, తన రాకకు స్వర్గమునందలి కవి గుండె అదరునని ఆయన చాటించుకొనెనట. చేతిలో కాసు లేదు. మెడలో అవమానపు గుర్తు ఉన్నది. అయినను ఒక రాజాస్థానమునుండి మరియొక రాజాస్థానమునకు పోవుచున్నట్లే ఆయన మాటాడినాడు. ఇది ఆత్మవంచనమని ఎవరైన అన్నచో నేనొప్పుకొనను. తన పేదరికమును ఆయన దాచలేదు, ఒక్కొక్క బాధను లెక్కపెట్టి చెప్పినాడు. ఆ లెక్క అయిన పిదపనే స్వర్గము మాట వచ్చినది.

అయినను పలనాటి చాటువులలో ఒక లోటు కలదు. అచట దాహము కవిది, ఆకలి కవిది, నాలుక కవిది. ఆ జొన్నలను దంచి, ఆ కూడు వండి, వచ్చిన అతిథికి పెట్టిన చేతులు ఆ పద్యములలో ఎచ్చటను కానరావు. ఒక పూట తినలేక కవి పద్యము చెప్పిన కూటిని పుట్టినది మొదలు తినినవారికి ఏ యానందమైన ఉండెనా? ఉండినచో అది ఎట్టిది? శ్రీనాథుడు ఈ ప్రశ్న వేయలేదు. అది బాటసారి చూపు. (ఆయన పరిహసించిన నాపరాళ్లే నేడు మాచర్ల నాపరాళ్లను పేరుతో ఎన్నో యిండ్లలో నేలకు పరచబడియున్నవి. ఆ పద్యమును చదివి నవ్వువారిలో కొందరు ఆ రాళ్లమీదనే కూర్చుండి నవ్వుచుండవచ్చును.)

బాటసారి అడుగని ప్రశ్నకు సమాధానము పలనాటి వీరగాథయందున్నది. గురజాల, మాచర్ల రాజ్యముల పోరు, నాయకురాలు నాగమ్మ, మంత్రి బ్రహ్మనాయుడు, కోడిపందెము, ఏడేండ్ల వలస, కారెంపూడి రణరంగము, బాలచంద్రుని మరణము — కథ చదువరులెరిగినదే గనుక ఇచట చెప్పబనిలేదు. పండ్రెండవ శతాబ్దమున జరిగినదని చెప్పబడు ఈ పోరును ఆ సీమవారు నేటికిని పాడుకొనుచున్నారు. బాటసారికి కాలికి తగిలిన రాయి ఆ సీమవారికి వీరుని శిల. ఆయన లెక్కపెట్టి విసిగికొన్నవానికి వీరు ఒక్కొక్కదానికి పేరు పెట్టి, పూజ పెట్టి, కథ చెప్పిరి. చూపు మారినందున నేల సారవంతము కాలేదు. కాని నిర్జనమని తోచిన నేల జనసమ్మర్దముతో నిండిపోయినది.

ఈ గాథలో మన విచారణకు ప్రాణమువంటిది చాపకూడు. బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒకే చాపపై కూర్చుండబెట్టి భోజనము పెట్టించెననియు, మాల కన్నమదాసును కుమారునిగా స్వీకరించి సేనానిని చేసెననియు కథ చెప్పుచున్నది. ఇందెంత చరిత్రమో, ఎంత కల్పనయో చరిత్రకారులు విచారింతురుగాక. సాహిత్యమును విమర్శించువాడు గమనింపవలసినది వేరొకటి. ఆహారము కొరతగా నున్న సీమలో పుట్టిన కథ సమృద్ధిని ఊహింపబోయినప్పుడు దేనిని ఊహించెను? సన్నబియ్యపు రాశినా? నేతి కాలువలనా? కాదు, ఒక చాపను ఊహించెను. విస్తరిలోని పదార్థములను కథకుడు వర్ణింపబోలేదు. ప్రక్కన ఎవరు కూర్చున్నారో అదియే అతనికి ముఖ్యము. ఈ కల్పన కూటిని పెంచలేదు, పంక్తిని పెంచినది. సమృద్ధి యనగా ఏమో తెలిసికొనుటకు ఈ ఒక్క చిత్రము పెక్కు వేదాంతగ్రంథములకంటె నాకు ఎక్కువ తోడ్పడినది.

ఇచట ఒక ఆక్షేపణ రాక మానదు. ఈ కథను వంశపారంపర్యముగా పాడుచు వచ్చిన వీరవిద్యావంతులు మాలలు. చాపకూటిని గానము చేసిన గాయకుడు పాట ముగిసిన పిదప ఏ వాడకు పోయెను? ఊరి వెలుపలి వాడకే గదా! కారెంపూడిలో ఏటేట కార్తికమాసాంతమున ఐదు దినములు వీరుల యుత్సవము జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని ఆ దినములకు పేర్లు. మందపోరునాడు చాపకూడు పెట్టుదురు. తక్కిన దినములమాట ఏమి? ఏడాదికొక పూట సహపంక్తి భోజనము ఆనందము కలిగించి, తక్కిన కాలమంతయు వేరు పంక్తులను సహించునట్లు చేయుచున్నదేమో! మత్తుమందని చెప్పువారి వాదమునకు ఇంతకంటె బలమైన తావు దొరకదు.

దీనిని నేను తేలికగా త్రోసివేయను. కాని అప్పుపత్రముల వ్యవహారము తెలిసినవారికి ఒక సంగతి విదితము. మూడేండ్లలోపల తిరుగ వ్రాయింపని నోటు కాలదోషము పట్టి చెల్లకుండపోవును. బాకీ ఇంకను తీరలేదు. అయినను నోటు తిరుగ వ్రాయించుకొన్నవాని హక్కు చావలేదు. కారెంపూడి పాట ఇట్టిది. బ్రహ్మనాయుని చాప ఊరికి ఒక బాకీ. ఆ బాకీని ఏటేట సభలో చదివి వినిపించువాడు ఆ గాయకుడు. వినువారు భక్తితో విందురుగాక, వినోదముగా విందురుగాక, చెల్లింపవలసినదేమో మరచుటకు మాత్రము వీలులేదు. మత్తు బాకీని మరపించును. ఈ పాట జ్ఞాపకము చేయుచున్నది. ఈ రెండింటికి గల భేదమును గుర్తింపని విమర్శ, ఎంత ఉదారమైనదైనను, పాడువాని బుద్ధిని తక్కువచేసి చూచుటయే యగును. తాను పాడుచున్నదేమో అతనికి తెలియదనుకొనుట ఒక విధమైన అహంకారము.

ఇందులో ఒక వింత కలదు. ద్విపదలోనున్న పలనాటి వీరచరిత్రమునకు కర్త శ్రీనాథుడేయని సంప్రదాయము. 1911లో అక్కిరాజు ఉమాకాంతముగారు దానిని పరిష్కరించి ప్రకటించినది మొదలు పండితులు ఆ కర్తృత్వమును గూర్చి వాదించుచునే యున్నారు. ఆ వాదములోనికి నేను దిగను. జొన్నకూటిని పరిహసించిన నోటితోనే జొన్నకూడు తిన్న వీరుల కథను పాడించినగాని సంప్రదాయమునకు తృప్తి కలుగలేదని మాత్రము గమనింతును. వ్రాతప్రతులకు వెలుపల ఆ కథ గాయకుల కంఠములలో వేరొక రూపమున బ్రదికియున్నది. 1974లో కారెంపూడి గాయకుడు అలిసెట్టి గాలెయ్య పాడినదానిని జీన్ రోగెయిర్ అను అమెరికా పండితుడు సేకరించి, ఆంగ్లమున అనువదించి, 1982లో ప్రకటించెను. ఊరి వెలుపలివాని కంఠము ఆక్సుఫర్డు ముద్రాలయమువరకు పోయినది.

వీరగాథకు వెనుకటి పలనాటిలో మరియొక స్వరము కలదు. మాచర్లకు అనతిదూరమున కృష్ణయొడ్డున నాగార్జునకొండ యున్నది. క్రీస్తుశకము మూడవ శతాబ్దమున ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి అచట వర్ధిల్లెను. 1926లో ఆ శిథిలములు లోకమునకు తెలియవచ్చెను. 1954 మొదలు 1960 వరకు విరివిగా త్రవ్వకములు జరిగెను. పిమ్మట లోయ జలాశయములో మునిగి, కొండకొన దీవియై నిలిచినది. ఆచార్య నాగార్జునుడు నివసించిన శ్రీపర్వతము ఇదియేయని సంప్రదాయము. ఆయన ఒక శాతవాహనరాజునకు వ్రాసినదని చెప్పబడు సుహృల్లేఖ యను చిన్న గ్రంథము చీనా, టిబెట్టు భాషలలో నిలిచియున్నది. ఏడవ శతాబ్దమున మన దేశమునకు వచ్చిన చీనా యాత్రికుడు ఈత్సింగు, దీనిని ఇచటి విద్యార్థులు మొదటనే కంఠస్థము చేయుదురని వ్రాసెను. అందు నాగార్జునుడు సంతుష్టిని సర్వధనములలో శ్రేష్ఠమైనదానినిగా చెప్పెను. సంతుష్టి యెరిగినవాడు ధనము లేకున్నను ధనవంతుడేయని ఆయన భావము.

ఈ మాటను ఈనాడు గోడలపై వ్రాసికొనువారు కలరు. కాని అది ఎవరికి చెప్పబడినదో ఎవరును అడుగరు. అది రాజునకు వ్రాసిన లేఖ! ధనాగారములు నిండియున్నవానితో, ఇంకను చాలదని దండయాత్రలకు పోగలవానితో, ఇది చాలునని తెలిసికొనుమని చెప్పిన మాట అది. ఆ యాచార్యుడే రాజునకు ఉపదేశించినదని ప్రసిద్ధి గల రత్నావళిని దాని ప్రక్కన పెట్టి చదువుడు. అందు పేదవారి ప్రసక్తి వచ్చినప్పుడు సంతుష్టి మాట లేదు. నీరులేని త్రోవలలో నీరు ఏర్పాటు చేయుమనియు, రోగులను దిక్కులేనివారిని పోషింపుమనియు, చెడిపోయిన సేద్యగానికి విత్తనములిచ్చి బ్రదుకు నిలుపుమనియు, పన్ను తగ్గింపుమనియు చెప్పెను. ఉన్నవానికి సంతుష్టి, లేనివానికి విత్తనములు. ఒకే గురువు నోట వచ్చిన ఈ రెండు వాక్యములను విడదీసి, రాజునకు చెప్పినదానిని పేదవానికి అప్పగించి, పేదవానికి ఇమ్మన్నదానిని మరచిపోవుట మన ధర్మబోధకుల చరిత్రమున తరచుగా జరిగినది. ఒక శాస్త్రవచనము సత్యమా, అసత్యమా యని విచారించునప్పుడు అది ఎవరి నోట, ఎవరి చెవికి వెళ్లుచున్నదో గూడ విచారింపవలయును. (నీరులేని త్రోవలను గూర్చి వ్రాసిన ఆచార్యుని పేరిట వెలసిన సాగరమునకు 1955లో శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలకు నీరు విడువబడెను. కుడికాలువ నీరు అందిన పలనాటి మాగాణులలో వరి పండుచున్నది. అందని మిట్టలు ఇంకను ఆకాశము వంక చూచుచున్నవి.)

ఈ పరీక్షతో కుచేలుని కథను మరల చదివినచో, మన క్రొత్త బోధకులు దానిని ఎంత తలక్రిందులు చేసిరో తెలియగలదు. పోతన భాగవతమున కుచేలుడు ధనమును భావించుచు ద్వారకకు పోలేదు. పొమ్మన్నది ఇల్లాలు; ఆమెకు బిడ్డల ఆకలి తెలియును. అతడు పోయి, మిత్రునిచే ఆదరింపబడి, తెచ్చిన అటుకులను ఇయ్యలేక సిగ్గుపడి, నోరు తెరచి ఏమియు అడుగక తిరిగివచ్చెను. తిరుగు ప్రయాణములో అతని మనస్సును గమనింపుడు. ధనము లభింపలేదు, అయినను అతని హృదయము నిండియున్నది. పాన్పుపై కూర్చుండబెట్టి కాళ్లు కడిగినవాని స్నేహమును తలచుకొని తలచుకొని అతడు నడచెను. ఆ కథలో పూర్ణత్వము అచటనే యున్నది, మేడ కనబడకముందే యున్నది. ఇంటికి వచ్చి భవనమును చూచిన పిదప అతని యానందము పెరిగినదని పోతన చెప్పలేదు. విషయములయందు ఆసక్తి లేకయే ఆ భోగములనడుమ మెలగెనని చెప్పెను. మేడ భగవంతుని మర్యాద. కుచేలుని భావనకు చెల్లించిన వెల కాదు. మేడ కొరకు కుచేలుని ధ్యానము చేయుమనువారు కథలోని ఒక్క వాక్యమునైన శ్రద్ధతో చదువలేదు. ఇంకొక మాట: ఆ కథలో ఆకలిని మొదట పలికిన ఇల్లాలిని పోతన నిందింపలేదు. సంతుష్టిలేని స్త్రీయని ఆమెను పురాణవేదికలపై ఆక్షేపించు ఉపన్యాసకులు అది గమనింతురుగాక.

సంతుష్టి ఎవరిదను ప్రశ్నను ఇరువదవ శతాబ్దమున అందరికంటె తీక్ష్ణముగా వేసినవాడు ఉన్నవ లక్ష్మీనారాయణగారు. ఆయన 1877లో సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడున జన్మించెను. 1921లో పలనాటి పుల్లరి సత్యాగ్రహ సందర్భమున నిర్బంధింపబడి, చెరసాలలో మాలపల్లి రచించెను. 1922లో అది వెలువడినది; కొలదికాలమునకే మద్రాసు ప్రభుత్వము దానిని నిషేధించినది. అందలి రామదాసు మాలవాడు, సేద్యగాడు, తత్త్వమెరిగినవాడు. పండితులు తమ సొత్తనుకొన్న వేదాంతము మాలపల్లి గుడిసెలో, ఒక కష్టజీవి నోట, అనుభవముగా వినవచ్చుట ఆనాటి పాఠకులకు ఎంతటి ఆశ్చర్యము కలిగించియుండునో ఈనాడు మనము ఊహించుట కష్టము. రామదాసునకు ఆ జ్ఞానమును ఎవరును దయతలచి ఇయ్యలేదు. అతడు వినెను, పాడెను, మననము చేసెను, సొంతము చేసికొనెను. కొడుకు సంగదాసు చౌదరయ్య చేతిలో మరణించినను, కుటుంబము చెదరిపోయినను, అతడు ద్వేషమునకు తావీయడు.

ఈ పాత్రను గూర్చి విమర్శకులు రెండు వర్గములైరి. కొందరికి అతడు ఋషి. కొందరికి అన్యాయమునకు తలవంచిన పిరికివాడు. రచయిత మనకు అంత సులువుగా తీర్పు ఇయ్యలేదు. ఆ తండ్రి ప్రక్కనే ఆయన ఇద్దరు కొడుకులను నిలిపెను. సంగదాసు సేవామార్గమున సమాజమును మార్పజూచి ప్రాణము కోల్పోయెను. వెంకటదాసు తక్కెళ్ల జగ్గడై, ఉన్నవారి ధాన్యమును దోచి లేనివారికి పంచెను. ముగ్గురును ఒకే గుడిసెలో పుట్టిన సమాధానములు. రామదాసు శాంతి పెద్ద కొడుకు కోపమును అసత్యము చేయలేదు. ఆ కోపము తండ్రి శాంతిని హాస్యాస్పదము చేయలేదు. పాత్రలు సిద్ధాంతములను పుటలకొలది చర్చించుచోట్ల నవల బరువెక్కి నడక తప్పుచున్నదని ఒప్పుకొనవలెను. ఆ చర్చలలో సగము తీసివేసినను నష్టము లేదు. కాని రామదాసు మౌనముగా నున్న చోట్ల ఆ లోపము కనబడదు.

అతని శాంతి మనలను ఎందుకు కదలించుచున్నది? దానిని అతడే సంపాదించుకొన్నాడు గనుక. అదే శాంతిని చౌదరయ్య వచ్చి అతనికి ఉపదేశించెననుకొందము. పదములు అవియే, భావము అదియే. కాని చదువువాని రక్తము ఉడుకును. బాధపడినవాడు క్షమించినచో అది అతని ఐశ్వర్యము; బాధపెట్టినవాడు క్షమను బోధించినచో అది రెండవ దోపిడి. ఉన్నవవారు ఈ భేదమును ఎచ్చటను సూత్రీకరించి చెప్పలేదు. ఆ గుడిసెలో మనలను కూర్చుండబెట్టి తెలిసికొననిచ్చిరి.

ఇక మిగిలినది వినుకొండ. 1895లో అచట జన్మించిన గుఱ్ఱము జాషువగారు క్రైస్తవ కుటుంబమువారు. అంటరానివాడని ఒకచోట, హిందూపురాణములు చదువుచున్నాడని ఒకచోట అవమానము పొందినవారు. భావనకు, శాస్త్రమునకు, లేమికి గల సంబంధమును గూర్చి మాటాడు హక్కు ఆయనకున్నంతగా మరెవరికిని లేదు. 1932లో ప్రకటించిన ఫిరదౌసిలో ఆయన బంగారమును వాగ్దానము చేసిన రాజుచేత వంచితుడైన పారసీక కవిని చిత్రించెను. 1964లో కేంద్ర సాహిత్య అకాడమి బహుమానము పొందినది ఆయన క్రీస్తుచరిత్ర. కాని మన విచారణకు కావలసినది 1941 నాటి గబ్బిలము.

కాళిదాసు యక్షునికి మేఘము దొరికినది. యక్షుడు విరహియే గాని దరిద్రుడు కాడు. అతని అలకాపురి మణిదీపములతో వెలుగుచుండును. జాషువ నాయకునికి ఇంటిలోనికి వచ్చినది గబ్బిలము. శుభకార్యములకు పనికిరానిదని లోకము తరిమిన పక్షి అది. అదియును తలక్రిందులుగా వ్రేలాడు జీవి. అతడు దానిని తరుమలేదు, చుట్టమువలె పిలిచి కష్టము చెప్పుకొనెను. ఏలయన ఆ పక్షికి అతనికి లేని ఒక గొప్ప స్వాతంత్ర్యమున్నది: అది గుడిలోనికి పోగలదు. మనుష్యుని వాకిటనే నిలిపివేయు గర్భాలయమున దానిని అడ్డగించువారు లేరు. ఈ ఒక్క ఊహలో ఎంత శాస్త్రపరిచయము, ఎంత హాస్యము, ఎంత కోపము ఇమిడియున్నవో చూడుడు. ఇది శ్రీనాథుని పద్ధతియే, శివునితో తగవులాడుటయే. భేదమేమన, శ్రీనాథుడు తన దాహమును గూర్చి మాత్రమే తగవులాడెను. జాషువ నాయకుడు ఒక జాతి పక్షమున మాటాడుచున్నాడు.

ఆ సందేశములో అతడు ధనము కోరలేదు, మేడలు కోరలేదు. ఈ కష్టమునకు మూలమైన కర్మమెట్టిదో చెప్పుమని నిలవేసి అడిగెను. పూర్వజన్మకర్మమను శాస్త్రవచనమును అతనికి వినిపించినవారు దానివలన లాభము పొందువారే యని అతడెరుగును. కావున వారిని విడిచి నేరుగా దేవునినే విచారణకు పిలిచెను. ఆ దేవుడు వినునని మాత్రము అతనికి సందేహము లేదు. గంజియు కరవైన గుడిసెనుండి హిమాలయమువరకు అతని మనస్సు పక్షితోపాటు ప్రయాణము చేసినది. త్రోవలోని నదులను, పురములను, కవులను, రాజులను అతడు చుట్టాలను చెప్పుకొన్నట్లు చెప్పెను. ఎవరును తనదనరాదన్న దేశమునంతయు ఆ పద్యములలో అతడు తనది చేసికొనెను. ఈ భాగములను చదువునప్పుడు నాకు అతడు పేదవాడని తోచదు. మరుపుట మాత్రము కవి తిరిగి జ్ఞాపకము చేయును.

సందేశము నివేదింపవలసిన సమయమును గూర్చి పక్షికి అతడు చేసిన హెచ్చరికయే నాకు ఈ కావ్యమంతటిలో మిక్కిలి ప్రియమైనది. శివుని చెవిదగ్గరకు చేరి విన్నపము చేయుమనెను. అయితే పూజారి దగ్గర లేనివేళ చూచుకొని చేయుమనెను.